ఇంట్లో తెరుచుకునే సైటు బయట ఎందుకు తెరుచుకోదు?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంట్లో సొంత వెబ్ సర్వర్ పెట్టుకున్నవాళ్లవే. దాదాపు అందరూ ఒకే పని చేశారు, సైటు రాకపోయేసరికి రౌటర్‌లో చేతికి దొరికిన సెట్టింగల్లా మార్చేశారు. దయచేసి అలా చేయొద్దు. బయటి నుంచి 'సైటు చూపించు' అని వచ్చిన అభ్యర్థన మీ ఇంటి దాకా వచ్చిందా, రౌటర్ దాటిందా, సర్వర్‌ని చేరిందా, అది ఎక్కడ ఆగిందో ముందు పట్టుకోండి. అది తెలిశాక మార్చాల్సింది సాధారణంగా ఒక్కటే ఉంటుంది.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) వేసి, ఎన్‌జినెక్స్ (సైటు పేజీలు అందించే ప్రోగ్రామ్) పెట్టి, ఇన్నేళ్లూ రాసుకున్న పద్యాలు, పిల్లలకి తయారుచేసిన వ్యాకరణం నోట్సు ఒక సైటుగా పెట్టాను. ఇంట్లో ఫోన్‌లో ల్యాప్‌టాప్ నంబర్ 192.168.1.10 అని కొడితే చక్కగా వస్తోంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్‌కి (బయటి అభ్యర్థనని లోపలి కంప్యూటర్‌కి పంపే చోటికి) వెళ్లి, వెబ్‌సైటులు వాడే పోర్టులు, అంటే తలుపు నంబర్లు, 80, 443 రెండూ ఇచ్చాను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి మాత్రం చాలాసేపు తిరిగి తిరిగి చివరికి 'టైమ్డ్ అవుట్' అని వస్తోందట. నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే 'మా వైపు అంతా ఓకే సార్' అంటున్నారు. పది రోజులుగా ఇదే టెన్షన్.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు రాసినదాన్ని బట్టి మీరు చేసిన పనిలో తప్పేమీ కనిపించట్లేదు. మీ అబ్బాయికి వచ్చిన మాటే మనకి పెద్ద ఆధారం. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వెంటనే వచ్చి ఉంటే, అభ్యర్థన ఏదో ఒక యంత్రాన్ని చేరిందని, ఆ పోర్ట్‌లో వినేవాళ్లెవరూ లేరని ఆ యంత్రమే జవాబు చెప్పిందని అర్థం. 'టైమ్డ్ అవుట్' అంటే ఎవరూ ఏ జవాబూ ఇవ్వలేదు, దారిలో ఎక్కడో మాయమైపోయింది.

ఎక్కడ మాయమైందో చూడటానికి ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి టీసీపీడంప్ అనే ప్రోగ్రామ్‌ని 80వ పోర్ట్ మీద పెట్టి, మీ అబ్బాయిని ఫోన్‌లో ఉంచుకుని 'ఇప్పుడు తెరువు నాన్నా' అనండి. వచ్చే ప్రతి ప్యాకెట్‌కీ (నెట్‌లో ప్రయాణించే డేటా ముక్కకీ) తెర మీద ఒక లైను పడాలి. ముందు మీ ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌తో ప్రయత్నిస్తే గబగబా లైన్లు పడతాయి, అంటే ప్రోగ్రామ్ పనిచేస్తోంది. మీ అబ్బాయి తెరిచినప్పుడు కూడా లైన్లు పడి, ఆయనకి పేజీ మాత్రం రాకపోతే ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ (రాకపోకలని వడకట్టే కాపలా) ఆపుతోందన్నమాట. ఒక్క లైనూ పడకపోతే మీ సర్వర్‌ని, ఎన్‌జినెక్స్‌ని ఇక ముట్టుకోనక్కర్లేదు, అభ్యర్థన అక్కడిదాకా రానేలేదు.

మీ విషయంలో రెండోదే అయి ఉంటుందని నా అంచనా. ఇప్పుడు రౌటర్ పేజీలోకి వెళ్లి 'వ్యాన్ స్టేటస్' అనే చోట ఉన్న ఐపీ అడ్రస్‌ని (నెట్‌లో మీ రౌటర్ నంబర్‌ని) కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే వైఫైలో ఉండి, గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికి, అందులో చూపించిన నంబర్‌ని పక్కన రాయండి. రెండూ ఒకటే అయితే లోపం మీ రౌటర్‌లోనో, ఆ పోర్ట్‌ని కంపెనీ మూసేయడంలోనో ఉంది. వేరువేరుగా ఉండి, రౌటర్ చూపించేది 100తో మొదలై, చుక్క తర్వాతి రెండో సంఖ్య 64 నుంచి 127 లోపు ఉంటే, మీకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరగల అడ్రస్, లేదు. 10తో మొదలైనా అంతే. 192.168 అని ఉంటే మాత్రం వేరే కథ: కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె ఒక రౌటర్, దాని వెనక మీరు కొన్నది రెండో రౌటర్. అప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ రెండింటిలోనూ ఇవ్వాలి, లేదా ఫైబర్ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని నేరుగా మీ రౌటర్‌కి దాటించేలా) పెట్టమని అడగాలి.

ఈ 100 నంబర్ల సంగతి కొంచెం చెప్పాలి. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్ల లోపే. ప్రపంచస్థాయిలో పంచడానికి మిగిలిన చివరి నంబర్లు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి, మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వచ్చిన వాటా ఆ ఏప్రిల్‌కే అడుగంటింది. ఇంటింటికీ ఒక అడ్రస్ ఇవ్వలేక, కంపెనీలు చాలా ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్‌ని వాడటం మొదలుపెట్టాయి. దీన్నే సీజీన్యాట్ అంటారు. అందుకోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లని ప్రత్యేకంగా పక్కన పెట్టారు.

మీ వయసువాళ్లకి పీపీ నంబర్ గుర్తుండే ఉంటుంది. వీధికంతా కిరాణా కొట్లో ఒకే ఫోన్, పెళ్లి శుభలేఖ మీద ఆ నంబర్ వేసి పక్కన 'పీపీ' అని రాసేవాళ్లం. మనం కొట్టుకి వెళ్లి ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చు, అవతలివాళ్లు మాట్లాడేది మనకి వినిపిస్తుంది. బయటివాళ్లు ఆ నంబర్‌కి చేస్తే మాత్రం కొట్టాయన వచ్చి మనల్ని పిలవాలి. సీజీన్యాట్‌లో ఆ పిలిచే మనిషి లేడు. మీరు యూట్యూబ్ చూడటానికి, మెయిల్ పంపడానికి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి 'మా వైపు అంతా ఓకే' అన్న మాట వాళ్ల లెక్కలో నిజమే. బయటి నుంచి మీ ఇంటికి వచ్చే దారి మాత్రం లేదు. మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత సరిగ్గా ఇచ్చినా, అభ్యర్థన అంతకుముందే కంపెనీ యంత్రం దగ్గర ఆగిపోతుంది. ఈ సంగతి కనెక్షన్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, చెప్పరు. జనం పది రోజులు తమ తప్పేమో అనుకుని రౌటర్‌తో కుస్తీ పడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు దారులు చూద్దాం. ఫోన్‌లో 'నెట్ పనిచేయట్లేదు' అనొద్దు, 'నాకు పబ్లిక్ ఐపీ కావాలి, స్టాటిక్ అయితే మరీ మంచిది' అని ఆ మాటలతోనే అడగండి (స్టాటిక్ అంటే మారనిది). కొన్ని కంపెనీలు అదనపు డబ్బు తీసుకుని ఇస్తాయి, కొన్ని బిజినెస్ ప్లాన్‌లో మాత్రమే ఇస్తాయి. ఇస్తే ఇక వేరే తిప్పలేవీ లేవు.

ఇవ్వకపోతే ఐపీవీ6 (కొత్త పద్ధతి ఐపీ అడ్రసులు) ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌కి 2తో మొదలయ్యే పొడవాటి అడ్రస్ వచ్చి ఉంటే అది నేరుగా ప్రపంచానికి కనిపించే అడ్రసే, పంచుకున్నది కాదు. (ఎఫ్ఈ80తో మొదలయ్యేది ఇంటి వరకే, అది పనికిరాదు.) ఐపీవీ6కి పోర్ట్ ఫార్వార్డింగ్ ఉండదు. రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ అనే చోట ఆ ల్యాప్‌టాప్‌కి 80, 443 అనుమతించాలి, డొమైన్‌కి, అంటే సైటు పేరుకి, నాలుగు 'ఏ'లు ఉన్న రికార్డు (ఆ పేరుకి ఐపీవీ6 అడ్రస్ ఏదో చెప్పేది) పెట్టాలి. ఎన్‌జినెక్స్ కూడా ఐపీవీ6 మీద వింటోందో లేదో చూసుకోండి, చాలామంది ఇది మరిచిపోతారు. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 బాగా వచ్చేసింది కాబట్టి ఫోన్‌లో చూసేవాళ్లలో చాలామందికి సైటు తెరుచుకుంటుంది. పాత ఆఫీసు నెట్‌వర్కుల్లో ఉన్నవాళ్లకి రాకపోవచ్చు.

అందరికీ రావాలంటే టన్నెల్ పెట్టాలి. బయటి నుంచి మీ దగ్గరికి రాలేకపోయినా మీరు బయటికి వెళ్లగలరు కదా, దాన్నే వాడుకుంటాం. మీ ల్యాప్‌టాప్ తనంతట తాను బయట ఉన్న ఒక సర్వర్‌కి కనెక్షన్ తెరిచి పట్టుకుని ఉంటుంది, జనం ఆ సర్వర్‌కి వస్తారు, వాళ్ల అభ్యర్థనలు తెరిచి ఉన్న ఆ కనెక్షన్‌లోంచే మీ ఇంటికి వస్తాయి. సొంత డొమైన్ ఉంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ డబ్బు లేకుండానే పెట్టుకోవచ్చు. అయితే సైటులో వెళ్లేదంతా ఆ కంపెనీ యంత్రాల్లో ఒకసారి విప్పబడి (వాళ్లు చదవగల రూపంలోకి వచ్చి) మళ్లీ కట్టబడుతుంది. పద్యాలకి ఇది సమస్యే కాదు, ఇంటి పత్రాలు పెట్టేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి. అలా వద్దనుకుంటే ఒక చిన్న వీపీఎస్ (బయట నడిచే, పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్) అద్దెకి తీసుకుని, దానికీ మీ ల్యాప్‌టాప్‌కీ మధ్య వైర్‌గార్డ్ (ఇతరులు చదవలేని టన్నెల్ కట్టే ప్రోగ్రామ్) పెట్టుకోండి. అందులో 'పర్సిస్టెంట్ కీప్‌ఎలైవ్' దగ్గర 25 అని తప్పకుండా వేయండి. కాసేపు ఏమీ పంపకపోతే కంపెనీ యంత్రం మీ కనెక్షన్‌ని మరిచిపోతుంది, 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్ వెళుతుంటే దారి తెరిచే ఉంటుంది.

ప్రశ్న: మా సైటు బయట మొబైల్ డేటాలో బాగా వస్తోంది. ఇంట్లో వైఫైలో ఉండి అదే పేరు కొడితే మా రౌటర్ లాగిన్ పేజీ వస్తోంది. హ్యాక్ అయిందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: హ్యాక్ కాలేదమ్మా. మీరు ఇంట్లో ఉండి సైటు పేరు కొట్టినప్పుడు అది మీ పబ్లిక్ ఐపీగా మారుతుంది, ఆ అడ్రస్ రౌటర్‌దే. అభ్యర్థన లోపలి నుంచి వచ్చింది కాబట్టి కొన్ని రౌటర్లు దాన్ని తిప్పి మళ్లీ లోపలి సర్వర్‌కి పంపలేవు, 'నన్నే అడిగారు' అనుకుని తమ పేజీ చూపిస్తాయి, ఇంకొన్ని అసలు జవాబే ఇవ్వవు. ఈ తిప్పి పంపడాన్ని న్యాట్ లూప్‌బ్యాక్ లేదా హెయిర్‌పిన్ న్యాట్ అంటారు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ పేరుతో ఏదైనా ఉంటే ఆన్ చేయండి.

లేకపోతే ఇంట్లో పై-హోల్ లాంటి చిన్న డీఎన్ఎస్ (సైటు పేరుని ఐపీ నంబర్‌గా మార్చి చెప్పేది) పెట్టుకుని, ఇంటివరకు ఆ పేరుకి నేరుగా సర్వర్ లోపలి అడ్రస్‌ని ఇవ్వమని చెప్పండి. ఒక్క కంప్యూటర్ కోసమే అయితే దాని హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరుకి ఏ అడ్రసో రాసుకునే జాబితాలో) ఒక లైను రాస్తే చాలు. ఇది చేశాక కూడా ఒక ఫోన్‌లో మాత్రం రాకపోతే, ఆ ఫోన్‌లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' ఆన్‌లో ఉందేమో చూడండి, అది మీ ఇంటి డీఎన్ఎస్‌ని అడగకుండా నేరుగా బయటికి వెళ్లిపోతుంది.

మీ భయం పూర్తిగా తీరాలంటే మొబైల్ డేటాలో మీ పబ్లిక్ ఐపీని నంబర్‌తోనే కొట్టి చూడండి. అక్కడ కూడా రౌటర్ లాగిన్ పేజీ కనిపిస్తే అది ప్రమాదమే, రౌటర్‌లో 'రిమోట్ మేనేజ్‌మెంట్'ని (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరవనిచ్చేదాన్ని) వెంటనే ఆపేయండి.

ప్రశ్న: సైటులో రాతలు వస్తున్నాయి, ఫొటోలున్న పేజీలు సగంలో ఆగిపోతున్నాయి. ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. సర్వర్‌కి ర్యామ్ పెంచాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ఆగిపోవడం వేరు, నెమ్మదిగా రావడం వేరు. ఫొటో మెల్లమెల్లగా పైనుంచి కిందికి దిగుతూ చివరికి పూర్తవుతుంటే అది మీ అప్‌లోడ్ వేగం. మీరు చూసేది డౌన్‌లోడ్ వేగం, సర్వర్‌కి కావాల్సింది అప్‌లోడ్. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నవాళ్ల దగ్గర ఫోన్‌లో తీసినది తీసినట్టు పెట్టిన 8 ఎంబీ ఫొటో వెళ్లడానికి ఆరేడు సెకన్లు పడుతుంది, అదీ ఒక్క మనిషే చూస్తున్నప్పుడు. ఫొటోలు చిన్నవి చేసి పెడితే సరిపోతుంది.

ప్రతిసారీ అదే చోట ఆగి, ఎంతసేపున్నా కదలకపోతే మాత్రం ఎంటీయూ చూడండి. ఎంటీయూ అంటే దారిలో ఒక్కసారికి పట్టే ప్యాకెట్ పరిమాణం. ఇంట్లో అది 1500 బైట్లు. మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగినయ్యే పీపీపీఓఈ రకమైతే 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతుంది, వైర్‌గార్డ్‌లో మామూలుగా 1420. రైల్వే అండర్ బ్రిడ్జి కింద ఖాళీ లారీ దాటిపోతుంది, గడ్డి లోడు లారీ ఇరుక్కుపోతుంది చూడండి, అలాగే రాతలున్న చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, ఫొటోల పెద్ద ప్యాకెట్లు ఆగిపోతాయి. ఆగినప్పుడు 'ఇది పెద్దదైంది, చిన్నది పంపు' అని ఐసీఎంపీ (దారిలోని యంత్రాలు లోపాలు చెప్పుకునే పద్ధతి) కబురు మీ సర్వర్‌కి రావాలి. భద్రత కోసమని ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తాన్ని ఆపేసి ఉంటే ఆ కబురు మీకు చేరదు, సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. చాలాచోట్ల జరిగేది ఇదే.

పరీక్ష సులభం. సర్వర్ నుంచి బయటి అడ్రస్ దేనికైనా, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1472 సైజులో పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష) కొట్టండి. విండోస్‌లో అయితే ఎఫ్, ఎల్ అనే రెండు ఆప్షన్లు అందుకే ఉన్నాయి. 1472కి జవాబు రాక, 1464కి వస్తే దానికి 28 (ప్యాకెట్ మీద రాసే వివరాలకి పట్టే బైట్లు) కలపండి, 1492, అదే మీ ఎంటీయూ. రౌటర్‌లో 'ఎంఎస్ఎస్ క్లాంపింగ్' (ప్యాకెట్లు ముందే చిన్నవిగా ఉండేలా చూసేది) ఉంటే ఆన్ చేయండి, లేకపోతే సర్వర్ నెట్‌వర్క్ కార్డుకే ఎంటీయూ 1492 అని ఇవ్వండి. ఐసీఎంపీని ఆపేసి ఉంటే తెరిచేయండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కాలేజీ ప్రాజెక్టు నడుపుతున్నాను. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సైటు ఆగిపోతోంది, మళ్లీ అన్నీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వస్తోంది.
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: తమ్ముడూ, కరెంటు రాగానే రౌటర్ ఇంట్లోని పరికరాలకి కొత్తగా అడ్రసులు పంచుతుంది. నిన్న మీ రాస్ప్‌బెర్రీ పైకి ఉన్న 192.168.1.10 ఇవాళ టీవీకి వెళ్లి ఉండొచ్చు, పోర్ట్ ఫార్వార్డింగ్ ఇంకా ఆ నంబర్‌కే పంపుతోంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే ఏర్పాటు) రిజర్వేషన్‌లోకి వెళ్లి, రాస్ప్‌బెర్రీ పై మ్యాక్ అడ్రస్‌కి (పరికరం గుర్తింపు నంబర్‌కి) ఒక నంబర్‌ని శాశ్వతంగా కట్టేయండి. ఆ చిన్న కంప్యూటర్‌లో వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కి ఇంకో మ్యాక్ ఉంటాయి, దేనిమీద నడుపుతున్నారో దానిదే ఇవ్వాలి. సర్వర్‌కి కేబులే మంచిది.

కరెంటు పోయి వచ్చినప్పుడు బయటి ఐపీ కూడా మారొచ్చు. డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకుంటే, మారిన నంబర్‌ని రాస్ప్‌బెర్రీ పైలోని చిన్న ప్రోగ్రామే డొమైన్‌కి తెలియజేస్తుంది. డొమైన్ రికార్డుకి టీటీఎల్ (ఆ నంబర్‌ని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పేది) 300 సెకన్లు పెట్టండి, ఒక రోజు అని పెడితే జనం రోజంతా పాత నంబర్‌కే వెళ్తుంటారు. వెబ్ సర్వర్ బూట్‌లో దానంతట అదే మొదలయ్యేలా 'ఎనేబుల్' చేశారో లేదో కూడా చూడండి. ఇవన్నీ చేశాక, వీలైతే ఫైబర్ పెట్టె, రౌటర్, రాస్ప్‌బెర్రీ పై, ఈ మూడింటినీ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి. ఉన్నట్టుండి కరెంటు పోతే మెమరీ కార్డులో ఫైళ్లు పాడవుతాయి, ప్రాజెక్టు సమర్పించే వారంలో అది జరగకూడదు.

ప్రశ్న: మూడు నెలలు బాగా నడిచిన సైటు ఇప్పుడు 'సురక్షితం కాదు' అంటోంది. మేం ఏమీ మార్చలేదు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీరు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ (సైటు సురక్షితమని బ్రౌజర్‌కి చూపే పత్రం) వాడుతున్నట్టున్నారు, దాని గడువు 90 రోజులు, మీరు చెప్పిన మూడు నెలలు అదే. మామూలుగా దానంతట అదే కొత్తది తెచ్చుకోవాలి. తేలేదంటే మధ్యలో 80వ పోర్ట్ మూసేసి ఉంటారు, 'అంతా 443లోనే నడుస్తోందిగా' అని. చాలా ఇళ్లలో ఉన్న మామూలు పద్ధతిలో ఆ సంస్థ 80వ పోర్ట్‌కే వచ్చి సరిచూసుకుంటుంది. దాన్ని తెరవండి. మీ కంపెనీయే 80ని మూసేస్తుంటే, డొమైన్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టి సరిచూసే డీఎన్ఎస్ పద్ధతికి మారండి, దానికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

ప్రశ్న: నెల్లూరులో నాన్నగారింట్లో ఒక కంప్యూటర్ పెట్టి, మా కుటుంబం పాత ఫొటోల సైటు నడుపుతున్నాం. ఎంతకీ బయటికి రాకపోతే స్నేహితుడి సలహాతో దాన్ని రౌటర్‌లో డీఎంజెడ్‌లో పెట్టి, కంప్యూటర్ ఫైర్‌వాల్ ఆపేశాను. ఇప్పుడు వస్తోంది. ఇలాగే వదిలేయొచ్చా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: వదిలేయొద్దండి, ఈ రోజే తీసేయండి. డీఎంజెడ్ అంటే వచ్చిన ప్రతి అభ్యర్థననీ, ఏ పోర్ట్ అయినా సరే, ఆ కంప్యూటర్‌కే పంపేయడం. ఫైర్‌వాల్ కూడా లేదంటే అందులోని ఫైల్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్ అన్నీ ప్రపంచానికి తెరిచినట్టే. మీ ఇంటి అడ్రస్ ఎవరికీ తెలియదనుకోకండి, ఉన్న నంబర్లన్నిటినీ వరసపెట్టి తట్టిచూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. సర్వర్ లాగ్ (ఎవరు ఏమడిగారో రాసుకునే చిట్టా) తెరిచి చూడండి, మీరు ఎప్పుడూ పెట్టని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం, పాస్‌వర్డ్‌లు దాచే ఫైళ్ల కోసం ఏయే దేశాల నుంచో వచ్చి అడిగిన లైన్లు కనిపిస్తాయి.

డీఎంజెడ్‌తో పనిచేసిందంటే మీకు ఒక మంచి సంగతి తెలిసింది, పబ్లిక్ ఐపీ మీకు ఉంది. లోపం పోర్ట్ ఫార్వార్డింగ్ రాయడంలోనో, కంప్యూటర్ ఫైర్‌వాల్‌లోనో ఉంది. ముందుగా ఫైర్‌వాల్ ఆన్ చేసి 80, 443 మాత్రమే అనుమతించండి. విండోస్ అయితే ఆ అనుమతి 'ప్రైవేట్' నెట్‌వర్క్‌కి మాత్రమే ఇచ్చి, మీ వైఫై 'పబ్లిక్'గా నమోదై ఉందేమో చూడండి, ఫైర్‌వాల్ ఆపితే వచ్చి ఆన్ చేస్తే పోవడానికి తరచుగా కారణం ఇదే. అప్పటికీ సైటు వస్తుంటే డీఎంజెడ్ తీసి, ఆ రెండు పోర్టులనే ఫార్వార్డ్ చేయండి. ఫొటోలు కుటుంబం వరకే అయితే ఆ రెండూ కూడా అక్కర్లేదు, వైర్‌గార్డ్ పోర్ట్ ఒక్కటి తెరిచి, మీవాళ్ల ఫోన్లలో దాన్ని పెట్టండి. నాన్నగారి దగ్గర చేయించాల్సిన పని ఒక్కటే ఉంటుంది, అన్నీ మార్చాక ఆయన ఫోన్‌లో వైఫై ఆపించి, మొబైల్ డేటాలో ఒకసారి తెరిపించండి.